జైలు గోడ పక్క ఇల్లు

మా ఇంటికి పునాది పడకముందే ఆ స్థలంలో నెత్తురు పడింది. ముందు కాపలా తాతది, తర్వాత మా తోడికోడలిది, చివర్న మా బావగారిది. నాది మాత్రం ఒక్క చుక్క కూడా పడలేదు. అది నా గొప్పతనమేమీ కాదు.

మాది ఇనుప గేట్లూ కిటికీ గ్రిల్సూ చేసే వెల్డింగ్ షాపు. కింద షాపు, పైన ఇల్లు. అన్నదమ్ములిద్దరూ పగలంతా కింద ఇనుము కొట్టి, పైకొచ్చాక ఒకరినొకరు కొట్టుకునేవాళ్ళు. ఇద్దరూ అంటే మా ఆయనకి అన్యాయం చేసినట్టవుతుంది. మొదలుపెట్టేది ఎప్పుడూ బావగారే. మా ఆయన తిరిగి కొట్టేవాడు. ఆ రెండింటికీ చాలా తేడా ఉందని పెళ్ళయిన కొత్తలో నమ్మాను.

తయారైన గేట్లకి రెడ్ ఆక్సైడ్ పూయడం నా పని. తుప్పు పట్టకుండా ముందుగా వేసే ఎర్ర రంగు అది. ఒంటికంటితే ఒక పట్టాన వదలదు. వంట మా తోడికోడలి పని. నేను ఆవిడ్ని అక్కా అని పిలిచేదాన్ని. ఆవిడకి పిల్లల్లేరు. బావగారికి ఎవరి మీద కోపం వచ్చినా దెబ్బలు మాత్రం ఆవిడకే పడేవి. ఇనుము సరిగ్గా తెగలేదని, గిరాకీ మాట తప్పాడని, వాన పడిందని, పడలేదని. వాళ్ళ పడకగదికి గొళ్ళెం బయటివైపు ఉండేది. బావగారు తన చేత్తోనే చేసి, తన చేత్తోనే తలుపుకి బిగించాడు. పనితనం మాత్రం ఒప్పుకోవాలి. వేసినా తీసినా చీమ చిటుక్కుమన్నంత చప్పుడు కూడా అయ్యేది కాదు.

ఆ ఏడాది వానలు మొదలైన వారం బావగారు మా ఆయన మీదకి పానా విసిరాడు. అది గురి తప్పి మా పాప తల పక్కన గోడకి తగిలింది. గోడ పెచ్చు ఊడి దాని జుట్టులో పడింది. నా పై ప్రాణం పైనే పోయింది. పాప ఏడవలేదు. గబగబా బల్ల కిందికి దూరి, అక్కడ ముందే దాచుకున్న బొమ్మ తీసుకుని కూర్చుంది. తర్వాత గమనిస్తే తెలిసింది, మెట్ల మీద చెప్పుల చప్పుడు విని ఎవరొస్తున్నారో చెప్పేస్తోంది. నాన్న చెప్పులకి కదలదు. "పెదనాన్న చెప్పులు" అంటుంది, బల్ల కిందికి పోతుంది. నాలుగేళ్ళ పిల్ల.

మర్నాటినుంచి నేను మా ఆయన చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను. మనిల్లు మనం కట్టుకుందాం, ఇక్కడ ఇంకో వానాకాలం ఉండను అని. మామగారు పోయేముందు షాపూ ఇల్లూ పెద్దకొడుక్కి, వీధి చివర ఖాళీ స్థలం చిన్నకొడుక్కి ఇచ్చిపోయారు. ఆ స్థలం పక్కనే పాత జైలుంది. అందులో ఖైదీలు లేక ఎన్నో ఏళ్ళయింది కానీ దాన్ని కాపాడాల్సిన కట్టడమని సర్కారు వాళ్ళు ఒక పలక కొట్టారు. దాని పక్కన ఇటుక మీద ఇటుక పెట్టాలన్నా పాత కట్టడాల ఆఫీసు ఒప్పుకోవాలి.

ఆ ఆఫీసు నుంచి ఒకావిడ వచ్చింది. గొడుగు, బురద బూట్లు, మెడలో బైనాక్యులర్స్. మమ్మల్ని జైలు గేటు ముందుకి తీసుకెళ్ళి నిలబెట్టింది.

"ఇక్కణ్ణుంచి చూస్తే గోడ కనపడాలి, దాని వెనక బురుజు కనపడాలి, ఆపైన ఆకాశం. మీ ఇల్లు కనపడకూడదు" అంది.

"కనపడకుండా ఇల్లెలా కడతాం మేడమ్?" అన్నాడు మా ఆయన.

"గోడకన్నా పొట్టిగా."

తర్వాత పద్ధతి చెప్పింది. ఇంటికి నాలుగు మూలలు ఎక్కడొస్తాయో అక్కడ, ఎంత ఎత్తు కట్టాలనుకుంటున్నామో అంత ఎత్తు కర్రలు నిలబెట్టాలి. వాటి కొసల్ని కలుపుతూ ఎర్ర రిబ్బన్ కట్టాలి. నెల్లాళ్ళు అవి అలాగే ఉండాలి. వీధిలో ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఈలోపు చెప్పుకుంటారు. ఆ తర్వాత ఆవిడొచ్చి చూస్తుంది.

"మధ్యలో పడిపోతే?" అన్నాన్నేను.

"లేపిన రోజునుంచి మళ్ళీ నెల. ఇంకోటి, మూరెడు లోతు మించి తవ్వకూడదు. సిమెంటు వెయ్యకూడదు. జైలు గోడకి మేకు కొట్టకూడదు, తాడు కట్టకూడదు."

ఖైదీలున్నన్నాళ్ళూ ఆ గోడకి ఎవరూ ఇంత మర్యాద చేసి ఉండరు.

వెదురు కర్రలు తెచ్చి నిలబెట్టాం. ప్రతిదానికీ పక్కనుంచి ఒక దన్ను కర్ర, ఇంకో వైపుకి లాగి కట్టిన తాడు. రిబ్బన్ కట్టాక పాపని లోపలికి తీసుకెళ్ళాను. లోపలంటే ఏముంది, తడిసిన గడ్డి, నాలుగు కర్రలు. అయినా దానికి గదులన్నీ చూపించాను. ఇది వంటిల్లు. ఇది నువ్వు పడుకునే గది. ఇదిగో ఇక్కడ తలుపు. అది ఆ లేని తలుపు జాగ్రత్తగా తీసుకుని లోపలికొచ్చి, "పెదనాన్న చెప్పులు ఇక్కడికొస్తాయా?" అని అడిగింది. "రావు" అన్నాను. ఆ మాట నోట్లోంచి వచ్చాక, ఆ ఇల్లు దక్కకపోతే నేను బతకలేననిపించింది.

మొదటిసారి కర్రలు పడిపోయినప్పుడు గాలి అనుకున్నాం. మళ్ళీ లేపాం. రెండోసారి పడినరోజు గాలి లేదు. తాళ్ళ ముళ్ళు తెగలేదు, ఎవరో విప్పారు.

"ఇంకెవడు? ఆ ముసలాడే" అన్నాడు మా ఆయన.

ముసలాడంటే జైలు కాపలా తాత. గేటు పక్క గదిలో ఒక్కడే ఉండేవాడు. మా పాపని లోపలికి తీసుకెళ్ళి ఒకప్పుడు ఖైదీలుండే ఖాళీ కొట్లన్నీ తిప్పి చూపించేవాడు. ఈ కొట్లకి గొళ్ళేలన్నీ బయటివైపే ఎందుకున్నాయని అది అడిగితే, ఏం చెప్పాలో తెలీక మాట మార్చేశాడట. పిల్లంటే ప్రాణమే కానీ మా ఇల్లంటే మాత్రం గిట్టేది కాదు. "జైలు పక్కన కాపురమేంటమ్మా, ఉన్న కాస్త గాలీ ఆగిపోద్ది" అని మా మొహం మీదే అన్నాడు. అందుకని అనుమానం తిన్నగా అతని మీదికే పోయింది.

నేను ఆపేలోపే మా ఆయన గేటు దాటాడు. తాత చొక్కా పట్టుకుని మా స్థలంలోకి ఈడ్చుకొచ్చాడు. "ఎందుకు విప్పావు? చెప్పు! ఎందుకు విప్పావు?" అంటూ మొహం మీద పిడికిలితో గుద్దాడు. తాత చేతులు అడ్డం పెట్టుకున్నాడు తప్ప నోరు విప్పలేదు. కిందపడ్డాక కూడా మా ఆయన ఆగలేదు, డొక్కలో తన్నాడు. నేను వెనకనుంచి నడుం పట్టుకుని లాగితే నన్ను కూడా విదిలించేశాడు. అప్పుడు తిరిగి చూసిన ఆయన మొహం నేను ఎరిగిన మొహమే. కాకపోతే బావగారి మెడ మీద చూసేదాన్ని.

తాత గడ్డిలో ఉమ్మితే నెత్తుటితో పాటు పళ్ళు రాలాయి. వేడినీళ్ళూ దూదీ పట్టుకెళ్ళి తుడుస్తూ అడిగాను.

"నువ్వు కాదు కదా తాతా?"

కాదని తల తిప్పాడు.

"మరి ఎవరో చూశావా?"

వాచిన కన్ను నావైపు తిప్పాడు. "నాకు చూపు ఆనదమ్మా" అన్నాడు. వీధి అవతలి చివర ఎవరొస్తున్నారో చెప్పగలిగే మనిషి.

తాత కాదని నేను నమ్మకంగా చెప్పేసరికి మా ఆయన అనుమానం ఇంట్లోకి తిరిగింది. అది తేలింది షాపులో, గ్రైండర్ ఆగిన నిమిషంలో.

"నా కర్రలెందుకు పడేస్తున్నావురా?" అన్నాడు అన్నని. అన్నయ్యా అనే నోరు మొదటిసారి అలా తిరిగింది.

బావగారు నవ్వాడు. "నేను పడెయ్యాలనుకుంటే కర్రలెందుకురా, నిన్నే పడేస్తా. కట్టుకో, జైలు పక్కన ఇల్లు. అలవాటైతే లోపలికి కూడా మారిపోవచ్చు."

మా ఆయన సుత్తి ఎత్తాడు. బావగారు అప్పుడే కోసిన రాడ్డు పట్టకారుతో అందుకున్నాడు, దాని కొస ఇంకా ఎర్రగానే ఉంది. నేను మెట్ల మీదున్నాను. కాలిన చర్మం వాసన ముందొచ్చింది, అరుపు తర్వాత వినిపించింది. మా ఆయన కుడి అరచెయ్యి అడ్డం పెట్టి ఆ రాడ్డు పట్టుకున్నాడు మరి, మొహానికి తగలకుండా. అక్క పరుగెత్తుకొచ్చి బిందెడు నీళ్ళు ఆ చెయ్యి మీద కుమ్మరించింది. అడగకుండా నీళ్ళు పోసినందుకు బావగారు ఆవిణ్ణి ఆ బిందెతోనే కొట్టాడు.

నాకు అప్పుడు జాలి కలగలేదు, నిజం చెప్పాలంటే. ఒళ్ళు మండింది. ఎప్పుడు పోతాం ఈ ఇంట్లోంచి అనే తప్ప ఇంకో ఆలోచన లేదు.

కట్టుకట్టిన చేత్తోనే మా ఆయన కొత్త పంతం పట్టాడు. వెదురు పడుతోంది కాబట్టి ఇనుప పైపులు నిలబెడతాడట. ఇనుము పని చేసేవాడికి ఇంకేం తడుతుంది? మూరెడు గుంటలో, సిమెంటు లేకుండా, బురదలో ఇనుప పైపు వెదురుకన్నా ఎక్కువేం నిలబడదు. పైగా బరువు. మూలకో పైపు, దానికి దన్నుగా నా భుజమెత్తు పైపు ముక్క, తాడు. తుప్పు పడితే పాత కట్టడాల వాళ్ళకి ఇంకో వంక దొరుకుతుందని నేను అన్నిటికీ రెడ్ ఆక్సైడ్ పూశాను. వాన తెరిపిచ్చిన మధ్యాహ్నం రెండో పూత వేసి, పాపని బడినుంచి తీసుకురావడానికి వెళ్ళాను.

తిరిగొచ్చేసరికి వీధివైపు మూల పైపు నేల మీదుంది.

పడిపోయినట్టు లేదు, పడుకోబెట్టినట్టుంది. అంత బరువు పైపు దానంతటది పడితే గడ్డి చితికిపోయి, బురద ఎగజిమ్మి ఉండాలి. అలాంటిదేమీ లేదు. రిబ్బన్ కూడా తెగలేదు. పైపు మధ్యలో తడి రంగు మీద రెండు చోట్ల చేతుల గుర్తులు, వాటి నడుమ పెద్ద మచ్చలా రంగు చెరిగిపోయింది. ఎవరో దాన్ని ఒళ్ళోకి తీసుకుని, చప్పుడు కాకుండా కిందికి దించారు. అప్పుడే అర్థమైంది. ఆ వీధిలో చప్పుడు కాకుండా బతకడం నేర్చుకున్న మనిషి ఒక్కరే.

పెరట్లో కుళాయి దగ్గర అక్క చేతులు రుద్దుకుంటోంది. మోచేతుల దాకా ఎరుపు. బట్టల ముందంతా ఎరుపు. నురగ కూడా ఎర్రగానే పోతోంది.

"సబ్బుకి పోదక్కా అది" అన్నాను. "కిరసనాయిల్ కావాలి."

ఆవిడ చేతులు ఆగిపోయాయి.

నా చెయ్యి ఎప్పుడు లేచిందో నాకు తెలీదు. నా ఇల్లు, నా పిల్ల గది, మా ఆయన కాలిన చెయ్యి, తాత పళ్ళు, అన్నీ ఈ మనిషి వల్లే అనుకుంటే కళ్ళు బైర్లు కమ్మాయి. అక్క పక్కకి తప్పుకోలేదు. కళ్ళు మూసుకుని, ఎడమ చెంప కొంచెం ఇటు తిప్పింది. కుడివైపు పన్ను నొప్పిగా ఉందని పొద్దున్నే చెప్పింది నాతో.

చెయ్యి దించేశాను.

"ఎందుకక్కా?"

"మీరు వెళ్ళిపోతే ఆ ఇంట్లో నేనూ, ఆయనా" అంది.

"అయితే?"

"మీరున్నారు కాబట్టి ఎక్కడో ఒక చోట ఆపుతున్నాడు. నువ్వు గిన్నె చప్పుడు చేస్తావు, పాప దగ్గుతుంది, మరిది మెట్లెక్కుతాడు. ఆపుతాడు. మీరు లేకపోతే ఆపాల్సిన పనేముంది?"

"అందుకని నా కూతుర్ని కూడా ఇక్కడే పెంచాలా? బల్ల కింద?"

అక్క మళ్ళీ చేతులు రుద్దుకుంది. కుళాయి కారుతూనే ఉంది.

"వద్దు" అంది చివరికి. "పోండి. ఇంక ముట్టుకోను."

పోవద్దని ఏడిస్తే కోపంతో ఏదో ఒకటి అనేదాన్ని. పోండి అనేసరికి ఆ కోపం నిలవలేదు. ఇంతలో లోపలినుంచి పాప గొంతు వినబడింది, "పెదనాన్న చెప్పులు!"

ఇద్దరం ఒక్కసారే కదిలాం. నేను కిరసనాయిల్ డబ్బా అందుకుని ఆవిడ చేతుల మీద వంచేశాను, గుడ్డతో పరపరా రుద్దాను. ఆవిడ పై బట్ట విప్పి బకెట్లో ముంచి, మీద మురికి గుడ్డలు వేసింది. బావగారు వచ్చేసరికి ఇద్దరం గిన్నెలు తోముతున్నాం.

"కిరసనాయిల్ వాసనేంటి?" అన్నాడు.

"నా గోళ్ళు" అన్నాను.

ఆ సాయంత్రం మా ఆయనకి పైపు గాలికి పడిందని చెప్పాను. గాలే లేదు కదే అన్నాడు. "నువ్వు అక్కడ లేవు, నేనున్నాను, వీచింది" అన్నాను. కాలిన చేత్తో ఎక్కువ వాదించలేకపోయాడు. మళ్ళీ లేపాం.

మర్నాడు తాత గదికి వెళ్ళాను.

"నీకు తెలుసు కదా తాతా, అక్కే అని. అన్ని దెబ్బలు తింటూ కూడా ఎందుకు చెప్పలేదు?"

తాతకి పళ్ళు లేక మాట కొంచెం జారుతోంది. "చెబితే ఆవిణ్ణి చంపేత్తారు కదమ్మా మీవాళ్ళు. నావి పళ్ళే కదా" అన్నాడు. ఇంట్లో వాళ్ళకన్నా గోడ పక్క మనిషికి ఎక్కువ తెలుసు మా సంగతి. నాకు సిగ్గేసింది.

అక్క మాట నిలబెట్టుకుంది. నెల్లాళ్ళు కళ్ళల్లో ఒత్తులేసుకుని చూశాను, పైపులు కదల్లేదు. వానలకి ఒకటి ఒరిగితే, నేను వెళ్ళేసరికి దాని తాడు ఎవరో బిగించి కట్టి ఉన్నారు. ఎవరని నేను ఎవర్నీ అడగలేదు. అక్కా నేనూ ఆ తర్వాత దాని గురించి మాట్లాడుకోలేదు. నాతో వచ్చెయ్ అని ఆవిడతో అనలేదు నేను. అనాలని తోచింది, రెండు గదుల ఇంట్లో ఎక్కడ పెట్టుకుంటాం అని కూడా తోచింది.

ఆఫీసరమ్మ వచ్చిన రోజు సన్నగా తుంపర పడుతోంది. ఆవిడ బండి దిగి గొడుగు విప్పింది. నేనూ మా ఆయనా రిబ్బన్ కింద నిలబడి ఉన్నాం. పాప తాత గదిలో ఉంది. అప్పుడు వీధిలోంచి బావగారు వచ్చాడు. ఒక చేతిలో అక్క జుట్టుంది. ఇంకో చేతిలో ఉతికి ఆరేసిన బట్ట, ముందువైపంతా వెలిసిపోయిన ఎర్ర మచ్చ. పుట్టినప్పటినుంచీ ఆ రంగులో బతికిన మనిషి, దాన్ని గుర్తుపట్టడానికి అతనికెంతసేపు?

"వీళ్ళకి పైపులు లేపి పెడుతున్నావా? నా ఇంట్లో తింటూ, నా తమ్ముణ్ణి విడదీయడానికి కూలి పని చేస్తున్నావా?" అంటూ అక్కని మా స్థలంలోకి విసిరేశాడు. తాడు ఒకటి గుంజనుంచి పీకి, తడి తాడు మడతపెట్టి కొట్టాడు. వీపు మీద, మెడ మీద, మొహం మీద.

ఒక్క మాట చెబితే ఆ దెబ్బలు ఆగేవి. "లేపలేదు, పడేసింది నేనే" అని అక్క అంటే చాలు, అతను కోరుకున్నది అదే కదా. అక్క చెప్పలేదు. ఆఫీసరమ్మ వింటుందని, మా ఇల్లు పోతుందని. నోరు గట్టిగా మూసుకుని పడుకుంది.

మా ఆయన అన్న మీద పడ్డాడు. కాలిన చెయ్యి దొరికింది బావగారికి. దాన్ని మెలితిప్పి, మోకాలితో కడుపులో పొడిచి, బురదలోకి తోసేశాడు. తాడు పారేసి, తాళ్ళ గుంజలు పాతడానికి మేం తెచ్చిన ఇనుప రాడ్డు అందుకున్నాడు. అక్క తల ఆ రాడ్డుకి సరిగ్గా కిందుంది.

నా చేతికి అందేంత దూరంలో ఉన్నది వీధివైపు మూలకి పెట్టిన దన్ను పైపే. లాగేశాను.

మొదటి దెబ్బకి రాడ్డు పట్టుకున్న ముంజెయ్యి విరిగింది. ఆ చప్పుడు నాకు పైపులోంచి అరచేతుల్లోకి వచ్చింది. రెండోది భుజం మీద వేశాను. మూడోది వెయ్యాల్సిన పని లేదు, అప్పటికే అతను మోకాళ్ళ మీదున్నాడు, అయినా వేశాను. తల పగిలింది. నా వెనక దన్ను పోయిన మూల పైపు ఒరిగి ఒరిగి నేలకూలింది. దాంతోపాటు రిబ్బన్ అంతా కిందికొచ్చింది.

ఎవరూ కదల్లేదు. బావగారు మాత్రం చెయ్యి పట్టుకుని మూలుగుతూ దొర్లుతున్నాడు. మా ఇల్లు బురదలో పడి ఉంది. పడేసింది నేను.

ఆఫీసరమ్మ ఫోన్ తీసింది. "పోలీసుల్ని పిలుస్తున్నాను. ఆసుపత్రికి కూడా" అంది.

"ముందు ఎత్తు చూడండి మేడమ్."

అక్క లేచి కూర్చుంది. పెదవి చీలి గడ్డం మీంచి నెత్తురు కారుతోంది.

"ఏంటమ్మా?"

"ఎత్తు చూడ్డానికే కదా వచ్చారు. పైపు నేను పట్టుకుంటాను."

పోలీసులకీ ఆసుపత్రికీ ఫోన్ చేసి, ఆఫీసరమ్మ మమ్మల్ని చూస్తూ నిలబడింది. నేనూ అక్కా కలిసి పైపు లేపాం. తాత వచ్చి రిబ్బన్ కొస వెదికి ఇచ్చాడు. పైపు గుంటలో దిగాక అక్క నన్ను పక్కకి జరగమంది. రెండు చేతులతో ఒడిసిపట్టి, పాదాలు బురదలో తొక్కిపెట్టి, నిటారుగా నిలబెట్టింది. ఆ పైపు ఎలా పట్టుకోవాలో ఆవిడకి బాగా తెలుసు.

ఆఫీసరమ్మ గేటు దగ్గరికి వెళ్ళింది. బైనాక్యులర్స్ తీసి చూసింది, దించి ఉత్త కళ్ళతో చూసింది.

"గోడ మీదకి జానెడు కనిపిస్తోంది" అని అక్కణ్ణుంచే అరిచింది. "తగ్గించి కట్టుకుంటారా?"

"తగ్గిస్తాం" అని అరిచాను. గొంతు అప్పుడు వచ్చింది నాకు. "ఇంకో గది కూడా కావాలి మేడమ్! పైకి కాదు, గోడవైపుకి!"

"గోడవైపు కిటికీ పెట్టడానికి వీల్లేదు!"

"కిటికీ వద్దు. తలుపుంటే చాలు."

అక్క నావైపు చూడలేదు. పైపు వైపే చూస్తోంది, ఒరగకుండా.

"పైపు పడిపోయింది కదా మేడమ్" అన్నాడు మా ఆయన భయంభయంగా, ఆవిడ తిరిగొచ్చాక. "మళ్ళీ నెలా?"

"నేను బండి దిగేసరికి నాలుగూ నిలబడే ఉన్నాయి. కొత్త గదితో ప్లాన్ గీయించి పంపండి" అని, తన గొడుగు అక్క తల మీద పట్టుకుంది.

పోలీసులు వచ్చారు. బావగారు నిచ్చెన మీంచి పడ్డానన్నాడు. ఆడదాని చేతిలో ఎముకలు విరగ్గొట్టించుకున్నానని చెప్పుకోలేడు కదా. పెద్ద పోలీసు అక్క మొహం చూసి, "ఈవిడ కూడా అదే నిచ్చెన మీంచి పడిందా?" అన్నాడు.

"కాదు. నన్ను ఆయన కొట్టాడు" అంది అక్క.

ఆ మాట ఆవిడ బయటివాళ్ళతో అనడం నేను వినడం అదే మొదలు.

పోలీసులు బావగారి మీద కేసు రాసుకున్నారు, అప్పటినుంచి అక్క మా గదిలోనే పడుకుంది. వానలు వెనకబడేనాటికి అనుమతి వచ్చింది. ఇల్లు పొట్టిది. మా ఆయన చెయ్యెత్తితే కప్పు తగులుతుంది. గోడవైపు గదిలో పగలు కూడా దీపం వెయ్యాలి. తలుపులు బిగించే రోజున అక్క మా ఆయన దగ్గరికి వచ్చింది.

"మరిదీ, నా గదికి గొళ్ళెం లోపలివైపు పెట్టు."

"అలాగే వదినా."

"చప్పుడయ్యేలా చెయ్యి."

మా ఆయన తలెత్తాడు. "చప్పుడు కాకుండా చెయ్యడమే కదొదినా పనితనం?"

"నాకు పనితనం వద్దు" అంది.

ఆయన చేసినవాటిలో అంత మొరటు పని ఇంకోటి లేదు. మేం కొత్తింట్లో దిగిన సాయంత్రం అక్క తన గదిలోకి వెళ్ళి గొళ్ళెం వేసుకుంది. ఇల్లంతా దద్దరిల్లింది. బొమ్మ గీసుకుంటున్న పాప ఉలిక్కిపడి, అలవాటు కొద్దీ బల్ల కిందికి దూరింది. లోపల గొళ్ళెం తీసి మళ్ళీ వేసిన చప్పుడైంది. మళ్ళీ తీసి మళ్ళీ వేసింది. పాప చెవి రిక్కించి వింది.

"పెద్దమ్మ గొళ్ళెం" అంది. బయటికొచ్చి, సగంలో ఆపిన బొమ్మ గీసుకోవడం మొదలుపెట్టింది.